చుక్కలో రెండు ద్రవాలు కలిశాయా? ఫ్లోరెసెన్స్ ఇమేజింగ్‌లో ఏ డై, ఏ కెమెరా, ఏ మైక్రోస్కోపు ఎంచుకోవాలి

"కన్‌ఫోకల్ మైక్రోస్కోపు లేకుండా ఈ ప్రాజెక్టు అవుతుందా సార్?" బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు కాలేజీల్లో మైక్రోఫ్లూయిడిక్స్ (సన్నటి కాలువల్లో ద్రవాలనూ చుక్కలనూ నడిపే పని) మొదలుపెట్టిన మన తెలుగు పిల్లలు ముందుగా అడిగేది ఇదే. కన్‌ఫోకల్ (లోతులో ఒక్కో పొరను విడిగా చూపించే మైక్రోస్కోపు) లేకపోయినా అవుతుంది. కాకపోతే మైక్రోస్కోపు సంగతికి ముందే తేల్చుకోవలసినది ఒకటుంది. మీరు చూడాలనుకుంటున్నది రంగు చుక్కంతా పరుచుకుందా అనా, లేక రెండు ద్రవాల్లోని అణువులు నిజంగా ఒకదాన్నొకటి కలుసుకున్నాయా అనా? ఈ రెండు ప్రశ్నలకూ వేరువేరు డైలు కావాలి. డై మారితే కెమెరా అవసరం కూడా మారిపోతుంది. విడివిడిగా మంచి డై, మంచి కెమెరా అని వెతకడం వల్లే డబ్బు వృథా అవుతోంది. రెండూ జోడీగా ఎంచుకోవలసిన వస్తువులు.

సన్నటి గొట్టంలో ద్రవాలు ఎందుకు కలవవో రెండు ముక్కల్లో చెప్పి ముందుకు వెళ్తాను. వంద మైక్రాన్ల వెడల్పున్న కాలువలో నీళ్లు సుడులు తిరగవు, పొరలు పొరలుగా పక్కపక్కనే పారతాయి. పొర దాటి అవతలికి వెళ్లాలంటే అణువుకు డిఫ్యూజన్ ఒక్కటే దారి. నీలి వెలుగు పడితే ఆకుపచ్చగా వెలిగే ఫ్లోరెసిన్ అనే డైకి డిఫ్యూజన్ గుణకం (అణువు ఎంత వేగంగా పరుచుకుంటుందో చెప్పే అంకె) సెకనుకు సుమారు 420 చదరపు మైక్రాన్లు. దూరం వర్గాన్ని దానికి రెండింతలతో భాగిస్తే 100 మైక్రాన్లు దాటడానికి దాదాపు 12 సెకన్లు, 10 మైక్రాన్లు దాటడానికి 0.12 సెకను పడుతుంది. అంటే పొరల మందం పదో వంతుకు తగ్గితే సమయం వందో వంతుకు పడిపోతుంది. వంకరటింకర కాలువలో నూనె మధ్య నడిచే చుక్క చేసే పని ఇదే. మడత కాజా పిండిని పరిచి, మడిచి, మళ్లీ పరిచినట్టు ప్రతి వంపు దగ్గరా లోపలి ద్రవాన్ని సాగదీసి మడతపెడుతుంది. షికాగో విశ్వవిద్యాలయంలో రుస్తమ్ ఇస్మాగిలోవ్ బృందం 2003లో ప్రచురించిన పనిలో ఈ పద్ధతితో కలయిక మిల్లీసెకన్లలోకి వచ్చింది.

తిన్నటి కాలువలో కథ వేరు. చుక్కలో రెండు సుడులు ఏర్పడతాయి, ఎడమ సగంలో ఒకటి, కుడి సగంలో ఒకటి. ఒక సుడిలోని ద్రవం మధ్యగీత దాటి రెండో దానిలోకి పోదు. కాబట్టి చుక్క పుట్టేటప్పుడు రెండు ద్రవాలు ముందూ వెనకా చేరితే తొందరగా కలుస్తాయి, ఎడమా కుడీ చేరితే చాలా దూరం విడివిడిగానే ప్రయాణిస్తాయి. మీ ఫొటోలో మొట్టమొదట గమనించవలసినది ఇదే.

మామూలు డైయా, కలిస్తేనే వెలిగే డైయా

మొదటి దారి సులువైనది. ఒక ద్రవంలో ఫ్లోరెసిన్ వేస్తారు, రెండోది నీళ్లు. చుక్కలో సగం ఆకుపచ్చగా, సగం నల్లగా మొదలై మెల్లగా అంతా ఒకే రంగుకొస్తుంది. చూడ్డానికి అందంగా ఉంటుంది, మడతలు ఎలా పడుతున్నాయో కళ్లకు కడుతుంది, ఖర్చు దాదాపు లేదు.

చిక్కు లోతు దగ్గర వస్తుంది. సాధారణ ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపు చుక్క పైనుంచి కిందిదాకా ఉన్న వెలుగునంతా కలిపి ఒకే చిత్రంగా ఇస్తుంది. పైన డై పొర, కింద నీటి పొర ఉన్నా పైనుంచి చూస్తే అంతా ఒకే పచ్చదనం. చిత్రం "కలిసిపోయింది" అంటుంది, లోపల కలిసి ఉండదు. పొర మందం మీ పిక్సెల్ కంటే సన్నబడినా ఇదే మోసం. కెమెరాకు విడదీసి చూసే శక్తి అయిపోయిన చోట కలయిక పూర్తయినట్టు కనిపిస్తుంది. ఎంత ఖరీదైన కెమెరా కొన్నా ఈ లోటు కొంత వెనక్కి జరుగుతుందే తప్ప పోదు.

రెండో దారిలో ఏ ద్రవమూ విడిగా వెలగదు, కలిసిన చోటే వెలుగు పుడుతుంది. వీటిలో నాకు ఎక్కువ నమ్మకమున్నది ఒక ద్రవంలో ఫ్లువో-4 అనే డై, రెండోదానిలో కాల్షియం ఉండే జోడీ. కాల్షియం అయాన్ అంటుకోగానే ఫ్లువో-4 వెలుగు వంద రెట్లకు పైగా పెరుగుతుంది. రెండూ చాలా గట్టిగా బంధించుకుంటాయి (విఘటన స్థిరాంకం సుమారు 345 నానోమోలార్), కాబట్టి పదుల మైక్రోమోలార్లలో వాడితే కలిసిన ప్రతి జంటా వెలిగినట్టే లెక్క. వెలుగు ఎక్కడుందో చూడలేకపోయినా పర్వాలేదు, మొత్తం ఎంతుందో తెలిస్తే కలయిక ఎంత జరిగిందో తెలుస్తుంది. పొరలు పిక్సెల్ కంటే సన్నగా ఉన్నా, ఒకదానిపై ఒకటి పేర్చినట్టున్నా లెక్క తప్పదు.

ఈ జోడీ ఎంచుకునేవాళ్లు నాలుగు విషయాలు గట్టిగా పట్టుకోవాలి. ఒకటి, కొనేటప్పుడు ఫ్లువో-4 పెంటాపొటాషియం లవణమే అడగండి. ఏఎం ఎస్టర్ పేరుతో దొరికేది కణాల్లోకి చొరబడడానికి చేసింది. కణంలోని ఎంజైములు దాని ఎస్టర్ గుంపులను తెంచేదాకా అది కాల్షియాన్ని పట్టుకోదు, కాబట్టి ఉత్త నీటి చుక్కలో వెలగనే వెలగదు. రెండు, కాల్షియాన్ని మరీ ఎక్కువ వేయకండి. కాల్షియం డిఫ్యూజన్ గుణకం సుమారు 790, డై కంటే వేగంగా కదులుతుంది. పదింతలు ఎక్కువ వేస్తే కొంచెం కాల్షియం అటు జారినా డై అంతా వెలిగిపోయి, సగం కలయికే పూర్తి కలయికలా కనిపిస్తుంది. రెండింటి గాఢతలూ దగ్గరదగ్గరగా ఉంచండి. మూడు, ఫాస్ఫేట్ బఫర్ వద్దు, కాల్షియం అవక్షేపమై కూర్చుంటుంది. హెపీస్ బఫర్‌లో 7.2 పీహెచ్ దగ్గర పెట్టుకోండి.

నాలుగోది మన వైపు వాళ్లకు మరీ ముఖ్యం. బోరు నీళ్లలో కఠినత్వం లీటరుకు 100 మిల్లీగ్రాములుంటే అదే దాదాపు 1 మిల్లీమోలార్ కాల్షియం. మీరు వాడేది 50 మైక్రోమోలార్ డై. బోరు నీళ్లతో కడిగి ఆరబెట్టిన బీకరులో డై కలిపితే చుక్క పుట్టకముందే వెలుగుతుంది. కొత్త ప్లాస్టిక్ ట్యూబులు, డీఅయోనైజ్డ్ నీళ్లు తప్పనిసరి. డై ద్రావణాన్ని ముందు ఒంటరిగా చిప్‌లో (కాలువలున్న పలకలో) పారించి చూడండి. అది చీకటిగా ఉంటేనే ముందుకు వెళ్లండి.

ఫ్లువో-4 ఖరీదైన వస్తువు, మైక్రోగ్రాముల లెక్కన అమ్ముతారు. డిపార్టుమెంటు బడ్జెట్‌లో అంత లేదంటే రెండు చవక మార్గాలున్నాయి. ఫ్లోరెసిన్‌కే పీహెచ్ గుణం ఉంది. ఆమ్లంలో మసకగా, పీహెచ్ 8 దాటాక ధగధగా వెలుగుతుంది. ఆమ్లంలో డై, ఇంకో వైపు క్షారం పెడితే కలిసిన చోట వెలుగు పుడుతుంది. అయితే హైడ్రోజన్ అయాన్ డిఫ్యూజన్ గుణకం దాదాపు 9300, ఫ్లోరెసిన్ కంటే ఇరవై రెట్లకు పైనే. ఈ పద్ధతిలో వచ్చే కలయిక సమయం ఆమ్లక్షార చర్యకు సరిపోతుంది కానీ ప్రోటీన్లు కలిసే సమయమని చెప్పుకోకూడదు. రెండోది, ఫ్లోరెసిన్‌తో పొటాషియం అయొడైడ్. అయొడైడ్ తగిలిన డై వెలుగు తగ్గుతుంది. చవకే కానీ వెలుగుకూ గాఢతకూ సంబంధం సరళరేఖ కాదు, ముందు క్యాలిబ్రేషన్ గీత గీసుకోవాలి. రెండింట్లో నన్ను ఎంచమంటే పీహెచ్ పద్ధతి తీసుకుంటాను. చీకట్లో వెలుగు పుట్టడాన్ని కొలవడం, వెలుగులో కాస్త తగ్గుదల వెతకడం కంటే ఎప్పుడూ తేలిక.

రోడమిన్-బి గురించి ఒక హెచ్చరిక. చాలా ల్యాబుల్లో ఇదే సీసా అందుబాటులో ఉంటుంది కాబట్టి ఇదే వాడేస్తారు. ఇది పీడీఎంఎస్ (చిప్ తయారీకి వాడే సిలికోన్ రబ్బరు) గోడల్లోకి ఇంకుతుంది, కాసేపటికి కాలువ గోడలే వెలుగుతుంటాయి. డిగ్రీకి సుమారు 2 శాతం చొప్పున ఉష్ణోగ్రతతో దాని వెలుగు తగ్గుతుంది. ఏసీ లేని గదిలో, మే నెలలో, పొద్దున తీసిన చిత్రాన్నీ మధ్యాహ్నం తీసిన చిత్రాన్నీ పోల్చే అవకాశమే లేదు. దానికి బదులు సల్ఫోరోడమిన్-బి అడగండి, అది గోడల్లోకి ఇంకడం బాగా తక్కువ. మీ అసలు ప్రయోగంలో ఉన్నది ప్రోటీన్ అయితే ఫ్లోరెసిన్ అంటించిన డెక్స్‌ట్రాన్ (చక్కెరల పెద్ద గొలుసు అణువు) నయం. 70 కిలోడాల్టన్ల డెక్స్‌ట్రాన్ ఫ్లోరెసిన్ కంటే సుమారు పది రెట్లు నెమ్మదిగా కదులుతుంది, కాబట్టి అది చూపే సమయం మీ ప్రోటీన్‌కు దగ్గరగా ఉంటుంది.

ఎలా ఫొటో తీయాలి

సెకనుకు 10 మిల్లీమీటర్లు పోయే చుక్కను తీసుకుందాం. 1 మిల్లీసెకను ఎక్స్‌పోజర్‌లో అది 10 మైక్రాన్లు జరుగుతుంది, చిత్రం ఆ మేరకు అలుక్కుపోతుంది. లోపలి మడతలు కనిపించాలంటే అర మిల్లీసెకను లోపు పట్టాలి. అంత తక్కువ సమయంలో ఫ్లోరెసెన్స్ వెలుగు చాలా కొద్దిగా వస్తుంది. ఇక్కడే "హై స్పీడ్ కెమెరా కొనాలి" అన్న మాట మొదలవుతుంది.

కొననక్కర్లేని దారి ఉంది. చుక్కలన్నీ ఒకే సైజులో, ఒకే ఎడంతో రైలు పెట్టెల్లా పోతున్నాయనుకోండి. కాలువ మొదలు నుంచి ఒక చోటు ఎంత దూరమో కొలిచి వేగంతో భాగిస్తే, అక్కడికి చేరిన ప్రతి చుక్క వయసూ ఒకటే. అందుకని ఒకటి రెండు సెకన్లు షట్టర్ తెరిచి ఉంచి వందల చుక్కల వెలుగును ఒకే చిత్రంలోకి పోగుచేయవచ్చు. చిత్రంలో చుక్కలు కనిపించవు, కాలువ పొడవునా మెల్లగా పెరిగే వెలుగు గీత మాత్రం వస్తుంది. అదే కలయిక గ్రాఫు. వంపుల కాలువలో దూరాన్ని వంపుల వెంబడి కొలవాలి. షికాగో బృందం ఫ్లువో-4తో చేసిన కొలతల్లో వాడింది ఈ ఎత్తుగడే. మిల్లీసెకన్ల విషయాన్ని నింపాది కెమెరాతో కొలిచారు.

కానీ ఈ పద్ధతి కలిస్తే వెలిగే డైతోనే పనిచేస్తుంది. మామూలు ఫ్లోరెసిన్‌తో చేస్తే గ్రాఫు మొదటి నుంచి చివరిదాకా బల్లపరుపుగా వస్తుంది, ఎందుకంటే చుక్కలో మొత్తం డై ఎక్కడా మారదు, సర్దుకుంటుందంతే. జోడీగా ఎంచుకోండి అని మొదట్లో అన్నది ఇందుకే. ఫ్లువో-4తో మామూలు కెమెరా చాలు. మామూలు ఫ్లోరెసిన్ వాడితే వేగమైన కెమెరా గానీ మెరుపు దీపం గానీ కావాలి.

మెరుపు దీపం అంటే ఎల్‌ఈడీని కొన్ని వందల మైక్రోసెకన్ల పాటు మాత్రమే వెలిగించడం. చీకట్లో షట్టర్ తెరిచి ఉన్నా చిత్రం ఆ మెరుపు సమయానిదే. కెమెరా గ్లోబల్ షట్టర్‌ది (చిత్రంలోని వరుసలన్నిటినీ ఒకేసారి పట్టేది) అయితే మంచిది. రోలింగ్ షట్టర్ వరుస తర్వాత వరుస తెరుస్తుంది కాబట్టి మెరుపు వచ్చిన క్షణానికి వరుసలన్నీ తెరుచుకుని ఉండకపోతే చిత్రంలో కొంత భాగమే వెలుగుతుంది, మెరుపు లేకుండా తీస్తే పరుగెత్తే చుక్క ఏటవాలుగా సాగిపోతుంది. ఫ్యాక్టరీల్లో తనిఖీకి వాడే గ్లోబల్ షట్టర్ కెమెరాలు సైంటిఫిక్ కెమెరాల కంటే బాగా చవక, 12 బిట్ల చిత్రం ఇచ్చేవి చూసుకోండి. ఫోన్ కెమెరాతో చూపించుకోవడానికి బాగుంటుంది, కొలవడానికి పనికిరాదు. ఎక్స్‌పోజర్‌ను దానంతటదే మార్చుకుంటుంది, జేపెగ్‌లో వెలుగు విలువలను వంచేస్తుంది.

వెలుగు చాలకపోతే డై గాఢత పెంచడం మంచిదే, ఒక హద్దు వరకు. 100 మైక్రాన్ల లోతున్న కాలువలో 100 మైక్రోమోలార్ ఫ్లోరెసిన్ శోషణ దాదాపు 0.08, ఇంకా సరళరేఖలోనే ఉన్నట్టు. 1 మిల్లీమోలార్‌కు పోతే అది 0.8కి చేరుతుంది, పై పొరలే నీలి వెలుగునంతా తినేస్తాయి, గాఢత ఎంత పెంచినా వెలుగు అంతగా పెరగదు. అంతకంటే ముందు మంచి అబ్జెక్టివ్ (చిప్‌కు దగ్గరగా ఉండే లెన్సు) మీద పెట్టుబడి పెట్టండి. ఎపి పద్ధతిలో (అదే అబ్జెక్టివ్ గుండా వెలుగు పంపి, అదే దానితో తిరిగి పట్టే పద్ధతి) చిత్రం వెలుగు న్యూమరికల్ అపెర్చర్ (లెన్సు ఎంత వెడల్పు కోణం నుంచి వెలుగు పోగుచేస్తుందో చెప్పే అంకె) నాలుగో ఘాతంతో పెరుగుతుంది. ఒకే మాగ్నిఫికేషన్‌లో 0.25 బదులు 0.3 ఉన్నది వాడితే వెలుగు రెట్టింపు అవుతుంది.

దీపం విషయంలో మాత్రం ఎవరికైనా ఒకటే చెబుతాను: ఎల్‌ఈడీ. పాదరసం దీపం వేడెక్కి నిలకడకు రావడానికి అరగంట కావాలి, ఆరిపోతే చల్లారేదాకా మళ్లీ వెలిగించకూడదు. వేసవి సాయంత్రాల్లో కాలవైశాఖి గాలివాన వచ్చి కరెంటు పోయే మన ఊళ్లలో దీనర్థం ఆ పూట ప్రయోగం గోవిందా. పైగా ఆ బల్బు ఆయుష్షు కొన్ని వందల గంటలే. ఎల్‌ఈడీ నొక్కగానే వెలుగుతుంది, వేల గంటలు పనిచేస్తుంది, చిన్న యూపీఎస్ మీద నడుస్తుంది. ఫ్లోరెసిన్‌కూ ఫ్లువో-4కూ 470 నానోమీటర్ల నీలం ఎల్‌ఈడీ, 525 దగ్గర ఆకుపచ్చ ఫిల్టర్ సరిపోతాయి, అంటే ఒకే ఫిల్టర్ క్యూబ్‌తో రెండు డైలూ చూడవచ్చు.

మరి కన్‌ఫోకల్ ఎప్పుడు

లోతులో ఏ పొర ఎక్కడుందో చూపించడమే మీ ప్రశ్న అయితే కన్‌ఫోకల్ కావాలి. అది ఒక్కో పొరను విడిగా చూపిస్తుంది. కాకపోతే ఒక్కో బిందువు చొప్పున చదివే మామూలు పాయింట్ స్కానింగ్ యంత్రానికి 512 × 512 పిక్సెళ్ల చిత్రానికి సుమారు ఒక సెకను పడుతుంది. సెకనులో మన చుక్క 10 మిల్లీమీటర్లు దాటిపోతుంది. స్పిన్నింగ్ డిస్క్ రకం వేగంగా తీస్తుంది. అది లేకపోతే ప్రవాహానికి అడ్డంగా ఒకే గీతను పదేపదే స్కాన్ చేయించండి. చుక్కలు ఆ గీత కిందుగా పోతుంటే గీతలు పేరుకుని చుక్క చిత్రం తయారవుతుంది. దీనికి వేగం బాగా తగ్గించాలి.

"ప్రవాహం ఆపేసి తీరిగ్గా ఫొటో తీసుకుంటాం" అని ఆలోచించేవాళ్లు పైన చెప్పిన లెక్క మళ్లీ చూడండి. 10 మైక్రాన్ల మడత 0.12 సెకనులో చెరిగిపోతుంది. ఆపిన చుక్కలో మీరు చూసేది ఆగాక జరిగిన కలయికే.

కన్‌ఫోకల్ కొనవలసిన పని లేదు. కేంద్ర ప్రభుత్వ ఐ-స్టెమ్ పోర్టల్‌లో దేశంలోని సంస్థల పరికరాలు వెతికి బుక్ చేసుకోవచ్చు. బరంపురం నుంచి భువనేశ్వర్ సుమారు 170 కిలోమీటర్లు, పర్లాకిమిడి, గుణుపురం వాళ్లు నౌపడ మీదుగా విశాఖ వైపు కూడా చూసుకోవచ్చు. వెళ్లేటప్పుడు చిప్ ఒక్కటే పట్టుకెళ్తే లాభం లేదు, సిరంజి పంపులూ నూనే ట్యూబులూ అన్నీ మోసుకెళ్లాలి, అక్కడ చుక్కలు ప్రత్యక్షంగా పారాలి. చిప్ కింది గాజు మందం 0.17 మిల్లీమీటర్లుండేలా ముందే చేయించుకోండి. మామూలు 1 మిల్లీమీటరు స్లైడు మీద అతికించిన చిప్‌ను ఎక్కువ మాగ్నిఫికేషన్ అబ్జెక్టివ్ ఫోకస్ చేయలేదు, స్లాట్ మొత్తం వృథా అవుతుంది.

ఫ్లోరెసెన్స్ లైఫ్‌టైమ్ ఇమేజింగ్ అనేది ఇంకో మెట్టు పైన. వెలుగు ఎంత అని కాకుండా, అణువు ఎన్ని నానోసెకన్లు వెలిగిందో (ఫ్లోరెసిన్‌కు సుమారు 4) కొలుస్తుంది కాబట్టి గాఢత, లోతు దాన్ని తప్పుదారి పట్టించవు. 2008లో లండన్ ఇంపీరియల్ కాలేజీ బృందం చుక్కల్లో కలయికను ఇలాగే కొలిచింది. అద్భుతమైన పని, కానీ ఎమ్మెస్సీ, ఎంటెక్ ప్రాజెక్టుకు దీని జోలికి వెళ్లమని నేను చెప్పను. ఫ్లోరెసెంట్ పూసల కదలికను వెంటాడే మైక్రో పీఐవీ అయితే ప్రవాహ వేగాన్ని చూపిస్తుంది, కలయికను కాదు. సుడులు ఎక్కడున్నాయో చూపడానికి తోడుగా బాగుంటుంది.

నూనె, ఆపైన లెక్క

మినరల్ ఆయిల్‌లో స్పాన్ 80 (చుక్కలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా ఆపే సర్ఫాక్టెంట్) వేసి మొదలుపెట్టడం అందరికీ చవక. ఆ నూనె వక్రీభవన గుణకం 1.47, నీటిది 1.33. ఈ తేడా వల్ల చుక్క అంచులు కటకంలా పనిచేసి అక్కడ వెలుగు వంకరపోతుంది, పీడీఎంఎస్ కూడా కొంత ఉబ్బుతుంది. ఫ్లోరినేటెడ్ నూనెలు హెచ్‌ఎఫ్‌ఈ-7500, ఎఫ్‌సీ-40లది 1.29, నీటికి చాలా దగ్గర, పీడీఎంఎస్‌ను ఉబ్బించవు. ఖరీదు ఎక్కువ. చుక్క లోపలి బొమ్మే మీ ఫలితమైతే ఖర్చు పెట్టండి. కాలువ పొడవునా సగటు వెలుగు గీతే మీ ఫలితమైతే మినరల్ ఆయిల్‌తో నడిపించవచ్చు.

మామూలు డై వాడినవాళ్లు పిక్సెళ్ల ప్రామాణిక విచలనాన్ని (వెలుగు ఎంత హెచ్చుతగ్గులుగా ఉందో చెప్పే కొలతను) మొదటి విలువతో భాగించి, ఒకటిలోంచి తీసేసి కలయిక సూచికగా రాస్తారు. పూర్తిగా కలిసిన చుక్కలో కూడా కెమెరా నాయిస్ వల్ల విచలనం సున్నాకు రాదు. పైగా అంచుల దగ్గర చుక్క పలచబడడం వల్ల వెలుగు తగ్గి, కలవనట్టు కనిపిస్తుంది. అందుకే ముందే బయట కలిపిన ద్రావణంతో అదే సైజు చుక్కలు అదే వేగంతో నడిపి చిత్రాలు తీసి ఉంచుకోండి. నేపథ్యం తీసేశాక ప్రతి చిత్రాన్నీ దానితో భాగించండి. ఫ్లువో-4 వాళ్లకు కూడా ఈ చిత్రమే గ్రాఫులో "1" అనే గుర్తు, దీన్ని బట్టే సగం కలవడానికి ఎంతసేపు పట్టిందో చెప్పగలరు. చిత్రాలను కొలిచే ఫిజీ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఈ పనంతా అందులోనే అవుతుంది.

నాకు చెప్పమంటే, చేతిలో పాత ఇన్వర్టెడ్ మైక్రోస్కోపు, తక్కువ బడ్జెట్ ఉన్న ల్యాబు నీలం ఎల్‌ఈడీ, మంచి అబ్జెక్టివ్, 12 బిట్ల గ్లోబల్ షట్టర్ కెమెరా కొని, మొదటి నెల పీహెచ్ ఫ్లోరెసిన్‌తో చుక్కలను నిలకడగా నడపడం నేర్చుకోవాలి. చుక్కల సైజు తేడా కొద్ది శాతం లోపుకు వచ్చాకే ఫ్లువో-4 సీసా తెరవాలి, ఎందుకంటే చుక్కలు హెచ్చుతగ్గులైతే ఎక్స్‌పోజర్ ఎంత పొడిగించినా ఆ సగటుకు అర్థం ఉండదు. మడతల బొమ్మ థీసిస్‌లో కావాలంటే అదే కెమెరాకు మెరుపు దీపం సర్క్యూట్ కట్టుకోండి, ఒక మైక్రోకంట్రోలర్, ఎల్‌ఈడీకి స్విచ్‌లా పనిచేసే ఒక మాస్‌ఫెట్ చాలు. కన్‌ఫోకల్ స్లాట్ ఈ రెండు ఫలితాలూ చేతికొచ్చాక, లోతు గురించి అడగవలసిన ప్రశ్న ఇంకా మిగిలి ఉంటేనే బుక్ చేయండి.